విద్యార్థి పరిశోధన సదస్సు: ప్రయోజనం, నిధులు

ఉపోద్ఘాతం

పరిశోధన సమస్యను ఎంచుకోవడం, సమాచారాన్ని సేకరించడం, నివేదిక రాయడం ఎలాగో ఇంతకు ముందు భాగాల్లో చదువుకున్నారు. నివేదిక రాసి గైడుకు అందజేస్తే మార్కులు వస్తాయి. ఆ తరువాత ఆ నివేదిక ఏమవుతుంది? చాలా కళాశాలల్లో ప్రాజెక్టు నివేదికలు చక్కగా బైండు చేయించుకుని బీరువాలోకి చేరతాయి. రాసిన విద్యార్థి, చూసిన గైడు, మార్కులు వేసిన పరీక్షకుడు తప్ప మరో మనిషి వాటిని చదవడు. ఆ మరో మనిషిని పిలిచి, విద్యార్థి ఎదుట కూర్చోబెట్టి, ప్రశ్న అడిగించే ఏర్పాటే విద్యార్థి పరిశోధన సదస్సు.

ఈ భాగంలో అటువంటి సదస్సు వల్ల ప్రయోజనం ఏమిటి, దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, డబ్బు వచ్చే దారిని బట్టి సదస్సు స్వరూపం ఎలా మారిపోతుంది అనే విషయాలను తెలుసుకుందాం. మూడో విషయానికి ఎక్కువ చోటు కేటాయించాం. సదస్సుల గురించి రాసే పుస్తకాలు సాధారణంగా దాన్ని కార్యాలయ వ్యవహారంగా భావించి వదిలేస్తాయి. నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది.

సదస్సు అంటే ఏమిటి?

సెమినార్, సింపోజియం, కాన్ఫరెన్స్ అనే మాటలను మన కళాశాలల్లో దాదాపు ఒకే అర్థంలో వాడుతున్నారు. స్థూలంగా చూస్తే సెమినార్ చిన్నది, చర్చ ప్రధానమైనది. కాన్ఫరెన్స్ పెద్దది, అనేక విషయాల మీద సమాంతరంగా జరిగేది. సింపోజియం ఒకే విషయం చుట్టూ కొందరు పత్రాలు సమర్పించి మాట్లాడుకునేది. సింపోజియం అనే మాటకు గ్రీకు మూలంలో కలిసి తాగడం అని అర్థం. విందు ముగిశాక పానపాత్రలు చేతబట్టుకుని ఒక విషయం మీద వంతులవారీగా మాట్లాడుకునేవారు. ప్లేటో రాసిన ఒక ప్రసిద్ధ సంభాషణకు ఆ పేరే ఉంది. మన సదస్సుల్లో ఇప్పుడు మిగిలింది టీ, బిస్కట్లు మాత్రమే గాని, వంతులవారీగా మాట్లాడడం, ఒకరి మాటను మరొకరు ప్రశ్నించడం అనే లక్షణం మాత్రం ఉండి తీరాలి.

తెలుగువారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. అష్టావధానంలో అవధాని ఒక్కడే మాట్లాడితే అది అవధానం కాదు. ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చోవాలి. సమస్య ఇచ్చేవారు, నిషిద్ధాక్షరి నడిపేవారు, అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఎంత గట్టివాళ్లయితే అవధానం అంత రక్తి కడుతుంది. పృచ్ఛకులు మొహమాటానికి సులువైన ప్రశ్నలు వేస్తే సభలో ఉన్నవారికి అది వెంటనే తెలిసిపోతుంది. విద్యార్థి సదస్సును కూడా ఈ కొలతతోనే చూడాలి. ఎన్ని పత్రాలు చదివారు అని కాదు, ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎవరు అడిగారు అని చూడాలి.

ఒక ప్రశ్న చేసే పని

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థులు ఇద్దరిని ఉదాహరణగా తీసుకుందాం. ఇద్దరూ తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందినవారే. కాని ఇక్కడ మనకు కావలసింది వారి బహుమతులు కాదు, విద్యార్థి దశలో వారికి ఏమి దొరికింది, ఏమి దొరకలేదు అన్నది.

మొదటివారు సి.వి. రామన్. 1906లో ఆయన ఎం.ఏ. విద్యార్థి. దీర్ఘచతురస్రాకారపు రంధ్రం గుండా వెళ్లిన కాంతి ఏర్పరిచే పట్టీల మీద రాసిన ఆయన మొదటి పత్రం ఆ ఏడాది నవంబరులో లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయనకు 18 సంవత్సరాలు. ఆ పని ఆయన దాదాపు ఒంటరిగానే చేశారు. చదువు ముగిశాక పరిశోధనలో కొనసాగడానికి తగిన ఉద్యోగం దేశంలో లేదు. 1907లో ఆర్థిక శాఖ పరీక్ష రాసి కలకత్తాలో సహాయ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. బౌబజార్ వీధిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే సంస్థ కనబడింది. ఆఫీసుకు ముందు, ఆఫీసు తరువాత అక్కడ ప్రయోగాలు చేస్తూ పది సంవత్సరాలు గడిపి, 1917లో విశ్వవిద్యాలయ ఆచార్య పదవిలోకి వచ్చారు. ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్న మీలో చాలామందికి ఆ దినచర్య పరిచయమైనదే.

ఆ సంస్థ ఎలా వచ్చింది? 1876లో మహేంద్రలాల్ సర్కార్ అనే వైద్యుడు చందాలు పోగుచేసి స్థాపించారు. దాని ప్రయోగశాలకు విరాళం ఇచ్చినవారిలో విజయనగరం మహారాజా ఒకరు. ఆ ప్రయోగశాలకు విజయనగరం పేరే పెట్టారు. డబ్బు ఇచ్చిన రోజున అందులో ఎవరు పనిచేస్తారో వారికి తెలియదు. పరిశోధనకు ఇచ్చే నిధి స్వభావమే అది. ఫలానా ఫలితం వస్తుందని ముందుగా రాసివ్వగలిగితే అది కొనుగోలు అవుతుంది.

రెండోవారు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1928లో జర్మనీ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ మద్రాసు వచ్చి ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపన్యసించారు. సోమర్‌ఫెల్డ్ రాసిన పరమాణు నిర్మాణ గ్రంథాన్ని చంద్రశేఖర్ అప్పటికే శ్రద్ధగా చదివి ఉన్నారు. ఆయన బస చేసిన హోటలుకు వెళ్లి ఆ సంగతి చెప్పారు. ఆ పుస్తకం రాసిన తరువాత భౌతికశాస్త్రం పూర్తిగా మారిపోయిందని సోమర్‌ఫెల్డ్ బదులిచ్చారు. ష్రోడింగర్, హైజన్‌బర్గ్ ప్రభృతుల కొత్త సిద్ధాంతాల గురించి వివరించి, ఇంకా అచ్చు కాని తన పత్రం ప్రూఫులను ఆ విద్యార్థి చేతిలో పెట్టారు. వాటిని చదివి చంద్రశేఖర్ రాసిన పత్రం 1929లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వెలువడింది. అప్పటికి ఆయన ఇంకా బి.ఎస్సీ. ఆనర్స్ విద్యార్థే.

రామన్ మేధస్సు తక్కువది కాదు, చంద్రశేఖర్ మేధస్సు ఎక్కువది కాదు. ఒకరికి సరైన సమయంలో బయటి మనిషి తటస్థపడ్డాడు, మరొకరికి పడలేదు. చంద్రశేఖర్‌కు తటస్థపడడం కూడా అదృష్టమే. ఆ అదృష్టాన్ని ఏటా ఒక తేదీకి, ఒక హాలులోకి, ఎక్కువమంది అందుకునేలా తేవడమే సదస్సు చేసే పని. గ్రంథాలయం చేయలేని పని కూడా ఇదే. పుస్తకానికి తనలో పాతబడినది ఏమిటో తెలియదు. రాసిన మనిషికి తెలుస్తుంది.

ఇంకో ప్రయోజనం చిన్నదిగా కనిపిస్తుంది. పది నిమిషాల్లో చెప్పాలంటే నివేదికలోని 60 పేజీల్లో ఏది ముఖ్యమో విద్యార్థి తేల్చుకోవాలి. చాలామందికి తమ నివేదికలో అసలు విషయం ఏమిటో ఆ రోజే తెలుస్తుంది. అలాగే, అడిగిన ప్రశ్నకు సమాధానం తెలియనప్పుడు "ఆ కోణంలో నేను చూడలేదండి" అని నిలబడి చెప్పడం పరీక్ష హాలులో నేర్చుకోలేని విద్య. పరీక్షలో తెలియని ప్రశ్నకు కూడా నాలుగు పేజీలు రాయడం అలవాటైనవారికి ఇది మొదట్లో కష్టంగానే ఉంటుంది.

మన దగ్గర ఆలస్యం ఎందుకు?

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. అవి పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థలు. బోధన అనుబంధ కళాశాలల పని. ప్రశ్నపత్రం ఎక్కడో తయారవుతుంది, జవాబులు ఎక్కడో దిద్దుతారు. అటువంటి ఏర్పాటులో పాఠం చెప్పే అధ్యాపకుడు పాఠ్యాంశాన్ని దాటితే విద్యార్థులకే నష్టం. విద్యార్థి సొంతంగా కనుక్కున్న విషయానికి ప్రశ్నపత్రంలో చోటు ఉండదు. తరువాత బోధనా విశ్వవిద్యాలయాలు వచ్చినా డిగ్రీ స్థాయిలో ఈ విభజన చాలాకాలం అలాగే కొనసాగింది. పరిశోధన అంటే పీహెచ్.డి., డిగ్రీ అంటే గైడు పుస్తకం.

అమెరికాలో ఈ గోడను 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో పగలగొట్టారు. 1969లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మార్గరెట్ మెక్‌వికర్ డిగ్రీ విద్యార్థులను ఆచార్యుల పరిశోధనల్లో భాగస్వాములను చేసే పథకాన్ని ప్రారంభించారు. అందులో చేరిన విద్యార్థి ఆ పనికి క్రెడిట్లు తీసుకోవచ్చు, లేదా జీతం తీసుకోవచ్చు. జీతం అన్న మాటను గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని పడుతుంది. 1987లో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం ఆష్‌విల్ ప్రాంగణంలో డిగ్రీ విద్యార్థుల జాతీయ పరిశోధన సదస్సు మొదలైంది. అది ఇప్పటికీ జరుగుతోంది. 1998లో బోయర్ కమిషన్ ఒక అడుగు ముందుకు వేసి, పరిశోధన విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ బోధన మొదటి ఏడాది నుంచే పరిశోధన ఆధారంగా సాగాలని సిఫారసు చేసింది.

మన దేశంలో భారత విశ్వవిద్యాలయాల సంఘం 'అన్వేషణ్' పేరుతో విద్యార్థి పరిశోధన సమావేశాలను మొదట జోన్ల వారీగా, తరువాత జాతీయ స్థాయిలో నిర్వహిస్తోంది. తెలంగాణలో కళాశాల విద్యాశాఖ 'జిజ్ఞాస' పేరుతో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థుల చేత అధ్యయన ప్రాజెక్టులు చేయించి పోటీలు పెట్టింది. 2020 జాతీయ విద్యావిధానం తరువాత యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు వచ్చినవారు నాలుగో సంవత్సరంలో 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేసి 'ఆనర్స్ విత్ రీసెర్చ్' పట్టా పొందవచ్చు. కాబట్టి డిగ్రీ విద్యార్థి పరిశోధన ఇకపై కొందరు అధ్యాపకుల అభిరుచి మాత్రమే కాదు, చట్రంలోని భాగం. చట్రంలోకి వచ్చిన ప్రతిదానికీ ఒక ప్రమాదం ఉంటుంది. అది తరువాతి భాగంలో.

డబ్బు వచ్చే దారులు

విశ్వవిద్యాలయ సదస్సుకు సాధారణంగా నాలుగు వైపుల నుంచి డబ్బు వస్తుంది. విశ్వవిద్యాలయం లేదా కళాశాల సొంత నిధి మొదటిది. రెండోది బయటి సంస్థల గ్రాంటు. సామాజిక శాస్త్రాలకు 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి ఉంది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఉంది. విజ్ఞానశాస్త్రాలకు, 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఉంది. ఇటువంటి గ్రాంట్లు ప్రధానంగా అధ్యాపకులు, పరిశోధకులు పాల్గొనే సదస్సులను ఉద్దేశించినవి. డిగ్రీ విద్యార్థి వాటిలో ప్రేక్షకుడిగానే ఎక్కువగా కనిపిస్తాడు. మూడోది బ్యాంకులు, కంపెనీలు, పూర్వ విద్యార్థుల విరాళం. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. పురుగుమందుల కంపెనీ సొమ్ముతో జరిగే సదస్సులో పురుగుమందుల అవశేషాల మీద పత్రానికి అన్యాయం జరగకూడదు. పత్రాల ఎంపికలో దాతకు పాత్ర ఉండదని ముందే కాగితం మీద రాసుకోవాలి. నాలుగోది పాల్గొనేవారి నుంచి వసూలు చేసే రిజిస్ట్రేషన్ రుసుం.

గ్రాంటు విషయంలో విద్యార్థులకు తెలియని ఒక సంగతి ఉంది. మంజూరైన మొత్తమంతా సాధారణంగా ఒకేసారి చేతికి రాదు. కొంత ముందు వస్తుంది, మిగతాది ఖర్చుల లెక్కలు, వినియోగ ధ్రువపత్రం పంపాక వస్తుంది. ఈలోగా కన్వీనరు సర్దుకోవాలి. పైగా మన ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఆ లోపల ఖర్చు చూపకపోతే నిధి వెనక్కి పోతుందన్న భయంతో సదస్సులన్నీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూకుమ్మడిగా జరుగుతాయి. విద్యార్థులకు పరీక్షలు ముంచుకొచ్చే నెలలు కూడా అవే. విద్యార్థుల కోసం పెట్టిన సదస్సులో విద్యార్థులు తక్కువగా ఉండడానికి ఇదొక కారణం.

నాలుగో దారి, అంటే రుసుం, గత పదిహేనేళ్లలో బాగా వెడల్పయింది. 2010 యూజీసీ నిబంధనలు అధ్యాపకుల నియామకం, పదోన్నతుల కోసం పాయింట్ల పద్ధతి తెచ్చాయి. సదస్సులో పత్రం సమర్పిస్తే పాయింట్లు వచ్చాయి. 2016 నిబంధనలు పీహెచ్.డి. విద్యార్థి సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు సదస్సుల్లో రెండు పత్రాలు సమర్పించి ఉండాలన్నాయి. ఉద్దేశం మంచిదే. కాని ధ్రువపత్రానికి గిరాకీ పుట్టగానే దాన్ని తయారుచేసేవారూ పుట్టారు. 2022 నిబంధనల్లో పీహెచ్.డి. కి ఆ షరతు తొలగించారు. అలవాటు మాత్రం మిగిలింది. ఇప్పుడు డిగ్రీ స్థాయిలో కూడా క్రెడిట్లు వచ్చాయి కాబట్టి ఆ అలవాటు కిందికి దిగే ప్రమాదం ఉంది. ఇందాక చెప్పిన ప్రమాదం ఇదే.

ఒక లెక్క

రుసుం వసూలు చేస్తే తప్పేమిటి, డబ్బు ఏ దారిన వచ్చినా డబ్బే కదా అని మీకు అనిపించవచ్చు. ఒక ఊహాత్మక లెక్క వేసి చూద్దాం.

రెండు రోజుల సదస్సు. రోజుకు ఐదు గంటల చొప్పున పత్ర సమర్పణ. రెండు హాళ్లు. మొత్తం 20 గంటలు, అంటే 1,200 నిమిషాలు. ఒక్కో విద్యార్థికి 12 నిమిషాలు మాట్లాడడానికి, 8 నిమిషాలు ప్రశ్నలకు, వెరసి 20 నిమిషాలు ఇస్తే 60 పత్రాలు పడతాయి.

ఇందుకు ఖర్చు ఎంత? 60 మంది విద్యార్థులకు సగటున 800 రూపాయల చొప్పున ప్రయాణ ఖర్చు 48,000. దూరం నుంచి వచ్చిన 40 మందికి రెండు రాత్రులు హాస్టల్ బస, మనిషికి రాత్రికి 150 చొప్పున 12,000. నిర్వాహకులు, అతిథులతో కలిపి 100 మందికి రెండు రోజులు భోజనం, టీ, రోజుకు 250 చొప్పున 50,000. బయటి నుంచి వచ్చి పత్రాలు ముందుగా చదివి ప్రశ్నలు అడిగే ఎనిమిది మంది నిపుణులకు, ప్రయాణం, గౌరవ భృతి కలిపి 4,000 చొప్పున 32,000. పత్ర సారాంశాల పుస్తకం 120 ప్రతులకు 12,000. క్షేత్ర పర్యటనకు, జిరాక్సులకు డబ్బులేని 20 మందికి సదస్సుకు మూడు నెలల ముందే 2,000 చొప్పున చిన్న సాయం 40,000. బ్యానరు, మైకు, ఇతరాలు 6,000. మొత్తం రెండు లక్షల రూపాయలు. ఒక్కో విద్యార్థికి సుమారు 3,333.

ఇప్పుడు విశ్వవిద్యాలయం తన దగ్గర డబ్బు లేదంది అనుకుందాం. కన్వీనరు 1,000 రూపాయల రుసుం పెడతారు. రెండు లక్షలు రావాలంటే 200 మంది కావాలి. ఉన్న సమయం అదే 1,200 నిమిషాలు. మనిషికి ఆరు నిమిషాలు. అందులో పేరు పిలవడం, పెన్‌డ్రైవు పెట్టడం, సర్టిఫికెట్టు ఇస్తూ ఫొటో దిగడం పోగా మూడు, నాలుగు నిమిషాలు మిగులుతాయి. ప్రశ్నకు సమయం సున్నా. ఇక భోజనాలు 240 మందికి పెట్టాలి, 1,20,000 అక్కడే పోయింది. విద్యార్థుల ప్రయాణ ఖర్చు ఇవ్వడం మాట అటుంచి, నిపుణులను పిలవడమే భారం. అన్నిటికన్నా ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. మొదటి పద్ధతిలో బలహీనమైన పత్రాన్ని తిరస్కరిస్తే సదస్సుకు ఖర్చు తగ్గుతుంది. రెండో పద్ధతిలో తిరస్కరించిన ప్రతి పత్రానికీ వెయ్యి రూపాయలు నష్టం. అటువంటి చోట ఏ పత్రమూ తిరస్కరణకు గురికాదు. సమయం లేదు కాబట్టి ప్రశ్నా రాదు, ఎంపిక లేదు కాబట్టి చదివేవారూ ఉండరు. పృచ్ఛకులు లేని అవధానం.

నేను వినడానికి వెళ్లిన ఒక సదస్సులో భోజనం తరువాత 90 నిమిషాల్లో 23 పత్రాలు పూర్తిచేశారు. ఒక అమ్మాయి తన ఊరి చేనేత సహకార సంఘం పాత లెక్కల పుస్తకాలు తిరగేసి, నూలు ధర పెరిగిన ప్రతిసారీ సభ్యుల కూలీ ఎన్ని నెలల తరువాత పెరిగిందో పట్టిక కట్టి తెచ్చింది. పట్టిక తెర మీదికి వచ్చేలోపు గంట కొట్టారు. తరువాతి పేరు పిలిచారు. ఆ పూట అక్కడ వినదగినది ఆ పట్టికే. వేదిక మీద జ్ఞాపికలకు, శాలువాలకు, ప్రవేశద్వారం ఫ్లెక్సీకి అయిన ఖర్చుతో ఆమెకు మరో గంట హాలు ఇవ్వవచ్చు.

రుసుమును సమర్థించేవారి వాదనలో కొంత నిజం ఉంది. ఉచితం అంటే పేరు ఇచ్చి రానివారు ఎక్కువవుతారు. 60 మందికి వండిన భోజనం 35 మంది తింటారు. దీనికి మందు రుసుం కాదు, డిపాజిట్టు. 200 రూపాయలు కట్టించుకుని, పత్రం సమర్పించి రెండు రోజులూ కూర్చున్నవారికి తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది. లెక్క రాసుకోవడం కార్యాలయానికి కొంచెం శ్రమ, అంతే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలో విశ్వవిద్యాలయం రెండు లక్షలకు బదులు 1,20,000 మాత్రమే ఇవ్వగలిగితే మీరు దేనిని తగ్గిస్తారు? పత్రాల సంఖ్యనా, నిపుణులనా, ప్రయాణ ఖర్చునా? నాలుగైదు వాక్యాల్లో కారణాలు రాయండి. (సూచన: పత్రాల సంఖ్య తగ్గితే ప్రయాణం, బస, భోజనం మూడూ తగ్గుతాయి. నిపుణులను తీసేస్తే తగ్గేది 32,000 మాత్రమే.)

దూరవిద్య విద్యార్థి సంగతి

రెగ్యులర్ కళాశాల విద్యార్థికి సదస్సు అంటే క్లాసు లేని రోజు. మీలో చాలామందికి అది కూలీ లేని రోజు, లేదా సెలవు పెట్టిన రోజు. ప్రైవేటు దుకాణంలో పనిచేసేవారికి రెండు రోజుల జీతం కోత. చిన్నపిల్లలున్న తల్లికి పిల్లలను ఎవరికి అప్పగించాలన్న సమస్య. రిజిస్ట్రేషన్ రుసుం లేదని ప్రకటిస్తే సదస్సు ఉచితం అయిపోదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న జీతం సంగతి ఇక్కడికి వస్తుంది. విద్యార్థి సమయానికి ధర ఉందని ఒప్పుకున్నప్పుడే అన్ని రకాల విద్యార్థులూ పరిశోధనలోకి వస్తారు. లేకపోతే సమయం మిగిలినవారు మాత్రమే వస్తారు. హైదరాబాదులో 1982లో దేశంలోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఉద్దేశించినది సమయం మిగలనివారినే. సార్వత్రిక విశ్వవిద్యాలయం సదస్సుకు నిధి కేటాయిస్తే అందులో మొదటి పద్దు ప్రయాణ భత్యం కావాలని నా అభిప్రాయం. ఆదివారాలు పెట్టడం, సంపర్క తరగతులు జరిగే అధ్యయన కేంద్రంలోనే జిల్లా స్థాయిలో మొదటి విడత జరపడం, దూరంగా ఉన్నవారికి ఆన్‌లైన్‌లో సమర్పించే వీలు కల్పించడం వంటివి ఖర్చును తగ్గిస్తాయి. ఆన్‌లైన్ పద్ధతిలో ప్రశ్నలు అడగడం కుదురుతుంది. విరామంలో వరండాలో నిలబడి మాట్లాడుకోవడం కుదరదు. అందుకే దాన్ని ప్రత్యామ్నాయంగా కాక అదనంగా చూడాలి.

ఇంత ఖర్చు పెట్టి దూరవిద్య విద్యార్థిని పిలవడం వల్ల సదస్సుకు ఏమి లాభం? ఆవరణలో ఉండే విద్యార్థి సమాచారం కోసం ఊళ్లోకి వెళ్లాలి. మీరు ఆ సమాచారం మధ్యనే ఉన్నారు. అంగన్‌వాడీ కార్యకర్త చేతిలో పిల్లల బరువుల రిజిస్టరు ఉంటుంది. ఆర్టీసీ కండక్టరుకు ఏ స్టేజీలో ఏ వేళ ఎవరు ఎక్కుతారో తెలుసు. మార్కెట్ యార్డులో గుమాస్తాగా ఉన్నవారు మిర్చి ధర ఉదయం ఎలా పాడతారో, మధ్యాహ్నానికి ఎలా దిగుతుందో రోజూ చూస్తారు. వీరికి కావలసింది సమస్యను ప్రశ్న రూపంలో పెట్టడంలో సాయం, పద్ధతి మీద ఒక నిపుణుడి సలహా. ఇక్కడ ఒక నియమం మరవకూడదు. కార్యాలయ రిజిస్టరులోని వివరాలు వాడాలంటే పై అధికారి లిఖితపూర్వక అనుమతి ఉండాలి. పిల్లల, రోగుల పేర్లు ఎట్టి పరిస్థితిలోనూ పత్రంలోకి రాకూడదు.

భాష గురించి ఒక మాట. తెలుగు మాధ్యమంలో చదివి, తెలుగులో సమాచారం సేకరించి, తెలుగులో ఆలోచించిన విద్యార్థిని ఇంగ్లీషులో సారాంశం పంపమంటే, చాలాసార్లు ఆ సారాంశం వేరెవరో రాస్తారు. అక్కడికి పరిశోధన చేసిన మనిషి వేరు, పత్రం వేరు అయిపోతాయి. తెలుగులో సమర్పించి తెలుగులో జవాబు చెప్పే విభాగం ఒకటి పెట్టడానికి అదనపు ఖర్చు దాదాపు ఉండదు. తెలుగులో ప్రశ్న అడగగల నిపుణులను వెతకాలి, అంతే. ఇంగ్లీషు సారాంశం కావాలంటే సదస్సు ముగిశాక, ప్రశ్నలకు జవాబులు దొరికాక, అధ్యాపకుడి సాయంతో రాసుకోవచ్చు.

నిధి కోసం రాసేటప్పుడు

మీలో కొందరు అధ్యయన కేంద్రంలో విద్యార్థి ప్రతినిధులుగా ఉంటారు, కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు. చిన్న సదస్సుకు డబ్బు అడిగే అవసరం రావచ్చు. ప్రతిపాదన రెండు పేజీలు చాలు. సదస్సు ఆవశ్యకత మీద ఒకటిన్నర పేజీ ఉపన్యాసం రాసి, చివర ఒక్క వరుసలో మొత్తం అంకె వేసేవారే ఎక్కువ. చదివే అధికారికి కావలసింది దీనికి తలకిందులు. ఎన్ని పత్రాలు, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు, ఎవరు ఎంపిక చేస్తారు, ఎంపిక కానివారికి కారణం చెబుతారా, ఒక్కో పద్దు కింద ఎంత అన్నది రాయాలి. ఖర్చును విద్యార్థికి ఇంత అని భాగించి చూపితే వాదన సగం గెలిచినట్టే. గత ఏడాది జరిగి ఉంటే, అప్పుడు అడిగిన ప్రశ్నల వల్ల ఎవరి పత్రం ఎలా మారిందో రెండు ఉదాహరణలు ఇవ్వండి. హాజరైనవారి సంఖ్య కన్నా ఇది బలమైన ఆధారం.

లెక్కల విషయంలో మొహమాటం పనికిరాదు. ప్రయాణ ఖర్చు ఇచ్చేటప్పుడు బస్సు టికెట్టు తీసుకుని, సంతకం చేయించుకుని, వీలైతే బ్యాంకు ఖాతాలోకే జమచేయాలి. పద్దు మార్చి ఖర్చు పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. మిగిలిన డబ్బును వినియోగ ధ్రువపత్రంతో పాటు తిరిగి కట్టాలి. ఇవన్నీ ఆడిట్ కోసమే అనుకుంటారు గాని, మరుసటి ఏడాది వచ్చే విద్యార్థుల కోసం కూడా. ఒకసారి ఆడిట్ అభ్యంతరం పడితే ఆ పద్దు మూతబడుతుంది, తెరిపించడానికి ఏళ్లు పడుతుంది.

అభ్యాసం

మీరు పనిచేసే చోట లేదా మీ ఊళ్లో రోజూ గమనించే ఒక విషయాన్ని ప్రశ్న రూపంలో రాయండి. దానికి జవాబు వెతకడానికి ఏ సమాచారం కావాలి, అది ఎవరి దగ్గర ఉంది, ఎవరి అనుమతి అవసరం అన్నది 200 మాటలకు మించకుండా తెలుగులో రాయండి. దాని కిందే, ఆ పనికి, ఆపై మీ ప్రాంతీయ కేంద్రంలో రెండు రోజుల సదస్సుకు వెళ్లి రావడానికి మీకు అయ్యే ఖర్చు వేయండి. బస్సు చార్జీ, జిరాక్సు, భోజనంతో పాటు పోయే కూలీ లేదా జీతం కూడా కలపండి. ఈ కాగితాన్ని తరువాతి సంపర్క తరగతికి తీసుకువెళ్లి మీ కౌన్సెలరుకు చూపండి. తరగతిలో మరో ఇద్దరి కాగితాలు తీసుకుని, ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న రాసి ఇవ్వండి.